రేపు రేటు ఎవరు మారుస్తరు?

ప్రశ్న: నేను హనుమకొండలో ఉంటూ మూడేళ్లుగా సొంతంగా వెబ్‌సైట్లు తయారు చేస్తున్నాను. వరంగల్ కొత్తవాడలో దర్రీలు (జంపఖానాలు) నేయించి అమ్మే ఒక సేటు, ఆన్‌లైన్‌లో ఆర్డర్లు తీసుకునే సైటు కావాలన్నారు. 65,000 రూపాయలకు మాట కుదిరింది, 20,000 బయానా ఇచ్చారు. కోడు రాసి సైట్లు కట్టే నెక్స్ట్ జేఎస్ అనే ఫ్రేమ్‌వర్క్‌తో ఐదు వారాలు పని చేసి చూపిస్తే, "మా బావమరిది సైటు వర్డ్‌ప్రెస్‌ల ఉంది, అండ్లనే చెయ్యి" అన్నారు. కోడు రాయకుండానే సైటు నడుపుకోవడానికి సిద్ధంగా దొరికే ఆ వర్డ్‌ప్రెస్ పాతబడిందని, నెమ్మదిగా నడుస్తుందని, భద్రత తక్కువని ఎంత చెప్పినా వినలేదు. "నాకు గవన్నీ తెల్వదు తమ్మీ, రేపు నువ్వు ఫోన్ ఎత్తకపోతే రేటు ఎవరు మారుస్తరు?" అని దుకాణంలో నలుగురి ముందు అన్నారు. ధరలు, సరుకు మార్చుకునే వెనుక భాగంలో వర్డ్‌ప్రెస్, కొనేవాళ్లు చూసే ముందు భాగంలో నెక్స్ట్ జేఎస్ ఉంచుదామని మధ్యేమార్గం చెప్పినా ఒప్పుకోలేదు. పైగా కరపత్రంలో ఉన్న తెలుగు అక్షరాలే కనిపించాలని, తెలుగు వాక్యాలన్నీ బొమ్మలుగా పెట్టమంటున్నారు. మళ్లీ మళ్లీ కొనేవాళ్ల కార్డు నంబర్లను సైటులోనే దాచిపెట్టమంటున్నారు. అన్నిటికీ తలూపితే నా నైపుణ్యానికి విలువ ఏముంటుంది? కాదంటే పని పోతుంది. ఏం చేయమంటారు?

— ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: మీ ఉత్తరంలో మూడు వేర్వేరు తగవులు ఉన్నాయి. మూడింటినీ ఒకే కోపంతో రాశారు కనుక అవి కలిసిపోయి, సేటు గారి మొండితనం అనే ఒక్క విషయంలా కనిపిస్తున్నాయి. విడదీసి చూసినప్పుడు వర్డ్‌ప్రెస్ విషయంలో ఆయన మాటే సరైనదని, తెలుగు అక్షరాల విషయంలోనూ కార్డు నంబర్ల విషయంలోనూ మీ మాట సరైనదని నేను అనుకుంటున్నాను. అయితే మీ మాట సరైన ఆ రెండు చోట్ల కూడా పట్టుబట్టవలసిన తీరు ఒకటి కాదు.

ముందుగా నలుగురి ముందు ఆయన అన్న మాటను చూద్దాం. అది మీకు నిందలా వినిపించింది, అలా వినిపించడంలో తప్పు లేదు. ఆ మాట పక్కకు పిలిచి చెప్పి ఉంటే బాగుండేది. కానీ ఈ పని మొత్తంలో ఆయన తన నోటితో స్పష్టంగా చెప్పిన అవసరం అదొక్కటే. నూలు ధర పెరిగితే దర్రీ ధర మారుతుంది. ఒక డిజైను సరుకు అయిపోతే, మగ్గం మీద మళ్లీ నేయించే వరకు అది లేదని చూపించాలి. దూరపు ఊళ్లకు రవాణా ఖర్చు మారితే ఆ అంకె కూడా మారాలి. ఇటువంటి మార్పులు నెలకు ఎన్నిసార్లు వస్తాయో ఆయనకు తెలుసు, మీకు ఇంకా తెలియదు. బావమరిది సైటు అందులోనే ఉందన్న కారణం వినడానికి బలహీనంగా ఉన్నా, దాని వెనుక ఉన్న లెక్క బలహీనమైనది కాదు: ఏదైనా చెడిపోతే అడగడానికి మనిషి దొరకాలన్నది ఆయన లెక్క. మన ఊళ్లలో వర్డ్‌ప్రెస్ తెలిసినవారిని వెతికి పట్టుకోవడం ఎంత సులువో, నెక్స్ట్ జేఎస్‌లో మరొకరు రాసిన కోడును చదివి సరిదిద్దగలిగేవారిని పట్టుకోవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనవసరం లేదు.

ఈ విషయంలో నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో కరీంనగర్‌లో ఒక విత్తనాల దుకాణానికి సైటు చేశాను. యజమాని తేలికైనది ఏదైనా చాలన్నా వినకుండా, నాకు అప్పుడు ఇష్టమైన ఫ్రేమ్‌వర్క్‌లో అంతా నా చేతితో రాశాను. కోడు శుభ్రంగా ఉండేది, పేజీలు వేగంగా తెరుచుకునేవి. కానీ విత్తనాల ధరలు మార్చే పేజీని తరువాత రాద్దామని వదిలేశాను, ఆ తరువాత అన్నది రానే లేదు. వానాకాలం పంటకు రైతులు విత్తనాలు కొనే రోజుల్లో ఆయన నాకు ఫోన్ చేశారు. నేను వేరే ఊళ్లో, వేరే పని గడువులో ఉండి నాలుగు రోజుల తరువాత మార్చాను. ఆ నాలుగు రోజులు సైటులో ఒక ధర, దుకాణంలో మరొక ధర. సైటు చూసి వచ్చిన రైతులకు ఆయన కౌంటరు దగ్గర నిలబడి సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. ఆ సీజను గడిచాక ఆయన సైటును ఆపేశారు, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మీ సేటు గారు అడిగిన ప్రశ్నను ఆయన ముందే అడిగి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక వర్డ్‌ప్రెస్ మీద మీరు చెప్పిన మూడు అభ్యంతరాలు. పాతబడిందన్నది నిలబడే వాదన కాదు. అది 2003లో మొదలైన మాట నిజమే, ఈనాటికీ ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే నడుస్తున్న మాటా నిజమే. 2018 చివరిలో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి అందులో ఉన్న, పేజీలు దిద్దే బ్లాక్ ఎడిటర్‌ను రాసింది కూడా మీ నెక్స్ట్ జేఎస్‌కు పునాది అయిన రియాక్ట్‌తోనే. నెమ్మదిగా ఉంటుందన్న మాటలో సగం నిజం ఉంది. నెమ్మదికి కారణం చాలాసార్లు వర్డ్‌ప్రెస్ కాదు. బరువైన థీమ్ (సైటుకు రూపమిచ్చే అచ్చు), దాని మీద పేజీలు పేర్చే పేజ్ బిల్డర్, అవసరం లేని ప్లగిన్లు (అదనపు సౌకర్యాల ముక్కలు), కెమెరా నుంచి తీసినవి తీసినట్లే ఎక్కించిన ఫొటోలు, చవక హోస్టింగ్ కలిసి దాన్ని నెమ్మది చేస్తాయి. పేజీలోని ప్రధానమైన బొమ్మ గానీ పాఠ్యం గానీ, నూటికి కనీసం 75 సందర్శనల్లో 2.5 సెకన్ల లోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలత. తేలికపాటి థీమ్ వేసి, దర్రీల ఫొటోలను తక్కువ బరువుండే వెబ్‌పీ రూపంలోకి మార్చి తగిన కొలతలకు కుదించి, క్యాషింగ్ (ఒకసారి తయారైన పేజీని దాచి మళ్లీ వాడడం) సరిగా అమర్చితే, వర్డ్‌ప్రెస్‌కు అమ్మకాల సౌకర్యం జోడించే వూకామర్స్‌తో చేసిన దుకాణం కూడా ఆ కొలతను అందుకోగలదు. అదే సమయంలో బరువైన జావాస్క్రిప్ట్‌తో చేసిన నెక్స్ట్ జేఎస్ సైటు తక్కువ ధర ఫోనులో తడబడగలదు. ఈ కొలతను గూగుల్ వారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే పరీక్షలో చూపించడానికి నిమిషం పడుతుంది. మీరు దాన్ని ఆయనకు చూపించినట్లు ఉత్తరంలో ఎక్కడా లేదు.

భద్రత మాటలో మాత్రం మీరు చెప్పినదానిలో బరువు ఉంది. వర్డ్‌ప్రెస్‌లో బయటపడే లోపాలు ఎక్కువగా ప్లగిన్లలోనూ థీమ్‌లలోనూ ఉంటాయి కాబట్టి, అప్‌డేట్లు చేయకుండా వదిలేసిన సైటు ఎప్పుడో ఒకప్పుడు ఇతరుల చేతిలో పడుతుంది. అయితే అప్‌డేట్లు నెక్స్ట్ జేఎస్‌కు కూడా తప్పవు. అందుకని ఈ కారణంతో వర్డ్‌ప్రెస్ వద్దనడం కంటే, నెలనెలా అప్‌డేట్లు, బ్యాకప్‌లు చూసుకోవడానికి ఒక రుసుము అడగండి. దుకాణంలో ధరలు మార్చే గుమాస్తాకు, అన్నీ మార్చగల అడ్మినిస్ట్రేటర్ లాగిన్ ఇవ్వకుండా, వూకామర్స్‌లో ఉండే షాప్ మేనేజర్ అనే పాత్ర ఇవ్వండి. ఆ లాగిన్‌తో ధరలు, సరుకు, ఆర్డర్లు చూసుకోవచ్చు. ప్లగిన్ల జోలికి వెళ్లే వీలు ఉండదు.

మీరు చెప్పిన మధ్యేమార్గాన్ని ఆయన ఒప్పుకోకపోవడం మంచిదే అయింది. వెనుక వర్డ్‌ప్రెస్, ముందు నెక్స్ట్ జేఎస్ అనే అమరిక పెద్ద వార్తాసంస్థలకో, ఒకే సమాచారాన్ని సైటుకూ యాప్‌కూ పంపవలసిన కంపెనీలకో పనికొస్తుంది. ఇక్కడ మాత్రం అప్‌డేట్ చేయవలసినవి రెండవుతాయి, హోస్టింగ్ రెండు చోట్ల అవుతుంది, వూకామర్స్‌లో సిద్ధంగా దొరికే బుట్ట, చెల్లింపు పేజీలను మీరు మళ్లీ రాయవలసి వస్తుంది, చెడిపోయినప్పుడు ఆ రెండూ తెలిసిన మనిషి కావలసి వస్తుంది. ఇద్దరి మాటా కొంత నిలబడాలన్న ఆలోచనతో ఇటువంటి సగం సగం ఒప్పందాలు పుడతాయి. వాటిలో మీ కోరిక సగం తీరుతుందేమో గానీ, ఆయన అవసరం మాత్రం అసలు తీరదు.

నా మాట మీకు నచ్చకపోతే, వాదన మానేసి ఒక పరీక్ష పెట్టండి. వర్డ్‌ప్రెస్, వూకామర్స్‌తో ఐదు దర్రీలున్న చిన్న నమూనా చేయడానికి మీకు ఒక రోజు చాలు. దాన్నీ, మీరు ఇప్పటికే చేసినదాన్నీ పట్టుకుని దుకాణానికి వెళ్లండి. లాప్‌టాప్ మీరు తెరవవద్దు. గుమాస్తా ఫోను తీసుకోమని, ఒక దర్రీ ధర మార్చమని, మరొకటి సరుకు అయిపోయినట్లు పెట్టమని, మగ్గం మీద నుంచి దిగిన కొత్త డిజైను ఫొటో తీసి ఎక్కించమని రెండు చోట్లా అడగండి. ఆయన ఎక్కడ ఆగిపోయాడో, ఎక్కడ మిమ్మల్ని అడిగాడో కాగితం మీద రాసుకోండి. మీ నెక్స్ట్ జేఎస్ సైటులో ఆ పనులు ఆయన ఎవరినీ అడగకుండా చేయగలిగితే నా అభిప్రాయం తప్పు, సేటు గారు కూడా అప్పుడు మీ మాట వింటారు. గుమాస్తా చేతిలో తేలిన ఫలితాన్ని ఇద్దరూ ఒప్పుకోగలరు. అందులో మీరు ఓడినట్లూ ఉండదు, ఆయన ఓడినట్లూ ఉండదు.

రెండో తగవు తెలుగు అక్షరాలది. ఆయన ఇచ్చిన కరపత్రం, మన డీటీపీ సెంటర్లలో చాలాకాలంగా జరుగుతున్నట్లే, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినదై ఉంటుందని అనుకుంటున్నాను. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాల ఆకారాలు ఇంగ్లీషు అక్షరాల సంకేత స్థానాల్లో కూర్చుని ఉంటాయి. అందుకే ఆ పాఠ్యాన్ని బ్రౌజరులో అతికిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. వెబ్‌లో తెలుగు నిలబడాలంటే ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే, 1991 నుంచి తెలుగుకు చోటిచ్చిన యూనికోడ్‌లోనే ఉండాలి. ఇవన్నీ మీకు తెలుసు, కానీ సేటు గారికి యూనికోడ్ పేరు చెప్పినంత మాత్రాన పని జరగదు. ఆయన ప్రశ్ననే ఆయన ముందు పెట్టండి: తెలుగు వాక్యం బొమ్మగా ఉంటే, రేపు అందులో ఒక ధరో ఒక ఫోన్ నంబరో మార్చడానికి గుమాస్తా మళ్లీ డీటీపీ సెంటరుకు వెళ్లాలి. రేటు ఎవరు మారుస్తరు అని అడిగిన మనిషికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. తరువాత ఆయన ఫోనులోనే కరపత్రం బొమ్మను తెరిచి, అక్షరాలు చీమల్లా ఎంత చిన్నవవుతాయో చూపించండి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు విని వెతికే దూరపు కొనుగోలుదారుకు సైటు కనిపించాలంటే ఆ మాటలు పేజీలో పాఠ్యంగా ఉండాలి, ఫొటోలో చిక్కుకుని ఉంటే గూగుల్ వాటిని పట్టుకోగలదన్న నమ్మకం లేదు. చూపు లేనివారికి పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అయితే, విడిగా వివరణ రాయకపోతే, బొమ్మ దగ్గర ఆగిపోతుంది.

అయితే ఆయన కోరికలో న్యాయమైన భాగం ఒకటి ఉంది, దాన్ని తోసిపుచ్చకండి. ఏళ్ల తరబడి కరపత్రాల మీద, సంచుల మీద చూసి జనం గుర్తుపట్టే అక్షరాలు ఆయన దుకాణానికి ముఖం లాంటివి. దుకాణం పేరును ఆ అక్షరాల్లోనే లోగోగా ఉంచి, దాని వెనుక వివరణగా పేరును యూనికోడ్‌లో రాయండి. మిగతా పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చి, ఉచితంగా దొరికే రామభద్ర, మండలి, ధూర్జటి వంటి ఫాంట్లలో కరపత్రానికి దగ్గరగా ఉన్నవి రెండు మూడు చూపించి ఆయన చేతనే ఎంపిక చేయించండి. మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో వత్తులూ గుణింతాలూ అక్కడక్కడా చెడిపోతాయి కనుక, మార్చిన ప్రతి వాక్యాన్నీ ఒక మనిషి కూర్చుని చదవాలి. ఆ పని గంటలను లెక్కలో వేసుకోండి, దాచి చేయకండి.

కార్డు నంబర్ల సంగతి ఈ రెండింటిలాంటిది కాదు. అక్కడ నమూనాలు, పరీక్షలు, మధ్యేమార్గాలు ఏవీ లేవు. భారతీయ రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2022 అక్టోబరు 1 నుంచి కార్డు జారీ చేసిన బ్యాంకులు, కార్డు నెట్‌వర్కులు తప్ప మరెవరూ అసలు కార్డు వివరాలను దాచి ఉంచుకోకూడదు. దుకాణాలు లావాదేవీని గుర్తించడానికి చివరి నాలుగు అంకెలు, బ్యాంకు పేరు వరకు ఉంచుకోవచ్చు. కొనుగోలుదారుల వ్యక్తిగత సమాచారాన్ని తగిన జాగ్రత్తతో కాపాడకపోతే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు వీలు కల్పించింది. ఈ మాటను ఆయనకు భయపెట్టే గొంతుతో చెప్పకండి, వాదించేందుకూ కూర్చోకండి. "ఇది నా ఇష్టం మీద ఆధారపడిన సంగతి కాదు, నియమం ఒప్పుకోదు, నేను చేయను" అని ఒక్కసారి నెమ్మదిగా చెప్పి, వెంటనే ఆయన అసలు అవసరానికి దారి చూపండి. పాత కొనుగోలుదారు ప్రతిసారీ నంబరు కొట్టే శ్రమ లేకుండా ఉండాలన్నదే ఆయన కోరిక. దానికి కొనుగోలుదారు అనుమతితో నంబరుకు బదులు టోకెన్‌ను (ఒక మారు సంకేతాన్ని) వాడే సౌకర్యం చెల్లింపు గేట్‌వేలు ఇస్తున్నాయి. లేదా యూపీఐ ఉండనే ఉంది. అప్పటికీ నంబర్లు దాచవలసిందేనని ఆయన పట్టుబడితే, అప్పటివరకు చేసిన పని అప్పజెప్పి, లెక్క చూసుకుని బయటకు వచ్చేయండి. ఈ పని వదులుకోవడానికి నాకు కనిపించిన కారణం ఇదొక్కటే.

ఇప్పుడు డబ్బు సంగతి. మీరు అడగలేదు గానీ, ఐదు వారాల శ్రమ వృథా అయిందన్న బాధ మీ ఉత్తరమంతటా ఉంది. దేనితో చేయబోతున్నారో ఆయన ఒప్పుకోలు తీసుకోకుండానే మొదలుపెట్టారు కనుక, ఆ కోడుకు విడిగా డబ్బు అడగడం న్యాయం కాదని నా అభిప్రాయం. పేజీల రూపకల్పన, దర్రీల ఫొటోలు, కొలతలు, వివరాలు సేకరించిన పని మాత్రం వర్డ్‌ప్రెస్‌లోనూ ఉపయోగపడుతుంది. అది మొదటి 65,000లోనే ఉందని చెప్పి, గడువును మాత్రం మూడు నాలుగు వారాలు పొడిగించమని అడగండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, జీతానికి పనిచేసే ఉద్యోగి కాని మీరు రాసిన కోడుపై హక్కు మీది, రాతపూర్వకంగా బదిలీ చేసేదాకా అది ఆయనది కాదు. ఆ హక్కును ఆయన మీద ఒత్తిడికి వాడకండి. పూర్తి డబ్బు అందిన రోజున సైటు హక్కులు ఆయనకు చెందుతాయని రాసివ్వండి, సైటు చిరునామా అయిన డొమైన్‌ను మొదటి నుంచే ఆయన పేరు మీద తీసుకోండి.

ఇకపై ప్రతి పెద్ద నిర్ణయానికీ అదే రోజు సాయంత్రం ఒక చిన్న రాత పంపండి. పెద్ద పత్రం అక్కర్లేదు. ఏ విషయం మీద మాట్లాడుకున్నాం, ఏవేవి చూశాం, ఏది ఎంచుకున్నాం, ఎవరు ఎంచుకున్నారు, దాని వల్ల ఖర్చు గానీ ఇబ్బంది గానీ ఏముంది అన్నవి తేదీతో సహా ఐదారు వాక్యాల తెలుగులో వాట్సాప్‌లో రాసి, సరేనని జవాబు అడగండి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఈ పద్ధతిని ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్ అంటారు, 2011 నుంచి ఆ పేరు వాడుకలోకి వచ్చింది. 1872 నాటి ఒప్పందాల చట్టం నోటిమాట ఒప్పందాన్ని కూడా గుర్తిస్తుంది, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నంత మాత్రాన ఒప్పందం చెల్లదనడానికి వీల్లేదంటుంది. కానీ నేను దీన్ని చెప్పేది కోర్టు కోసం కాదు. ఆరు నెలల తరువాత "నువ్వే చెప్పినవ్ కదా" అని ఆయన, "మీరే అన్నారు కదా" అని మీరు అనుకునే రోజు రాకుండా ఉండడానికి. ఆయన ఎంపిక మీకు నచ్చకపోయినా, మీ సలహా ఏమిటో అందులో ఒక వాక్యంగా ఉంటుంది. ఆ తరువాత ఆయన ఎంపికను మీ సొంత ఎంపికలా శ్రద్ధగా చేయాలి. అయిష్టంగా చేసిన పని ఆయన ఫోను తెరలో కనిపించిపోతుంది.

నైపుణ్యానికి విలువ ఏముంటుందని అడిగారు. తేలిక థీమ్ ఎంచుకోవడం, ఫొటోలను తగిన కొలతకు తేవడం, చెడిన వత్తులను సరిదిద్దడం, కార్డు నంబరు దాచను అని చెప్పగలగడం, ఇవన్నీ మీరు ఉన్నందువల్లే ఆ సైటులోకి వస్తాయి. నెక్స్ట్ జేఎస్ మీకు ఇష్టమైతే దానికి తగిన పని వేరేచోట దొరుకుతుంది.

సేటు గారి దగ్గరికి గిరాకీ తక్కువగా ఉండే వేళ, నలుగురూ లేనప్పుడు వెళ్లండి. మొదటి మాట వర్డ్‌ప్రెస్ గురించి గానీ డబ్బు గురించి గానీ వద్దు. "సేటూ, రేటు ఎవరు మారుస్తరని మీరు అడిగింది సరైన మాట. నేను దాన్ని ముందే అడగాల్సింది. నెలకు ఎన్నిసార్లు మారుస్తరు, ఎవరు మారుస్తరు, ఏ ఫోన్ల మారుస్తరు, అది చెప్పండి ముందుగాల" అని అడిగి, ఆయన చెప్పేది అయ్యేదాకా రాసుకోండి.